ప్రభుత్వ కార్యాలయాలకు పంపే ఈ-మెయిలు జోడింపుల భద్రత

ఈ-మెయిలు జోడింపుల భద్రత అనగా ఈ-మెయిలుతో పాటు పంపే ఫైళ్ళ వలన పంపినవారికి గాని, అందుకున్నవారికి గాని హాని కలగకుండా తీసుకునే జాగ్రత్తల సముదాయం. ఇలా జతపరచిన ఫైలును జోడింపు లేదా అటాచ్‌మెంట్ అంటారు. పౌరులు ప్రభుత్వ కార్యాలయాలకు అర్జీలు, ధ్రువపత్రాల నకళ్ళు, పొలం కాగితాలు, ఛాయాచిత్రాలు పంపేటప్పుడు ఈ జాగ్రత్తలు మూడు విధాలుగా అవసరమవుతాయి. మొదటిది, హానికరమైన ఫైలు ఒక్కటి తెరిచినా కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ స్తంభించవచ్చు. రెండవది, పౌరుడు పంపిన ఆధార్ నకలు, దస్తావేజు వంటివి పరుల చేతిలో పడి మోసానికి సాధనం కావచ్చు. మూడవది, భద్రత కొరకు ఏర్పరచిన వడపోతలో చిక్కుకుని అర్జీ అసలు అధికారికి చేరకపోవచ్చు. ఈ వ్యాసంలో దిగువ కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల అవసరాలను దృష్టిలో ఉంచుకొని ఈ విషయం వివరించబడింది.

నేపథ్యం

మచిలీపట్నం కృష్ణా జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడగా, మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా కొనసాగింది. గుడివాడ రెవెన్యూ డివిజను కేంద్రం. పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే ప్రాంతంలో ఉన్న అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి తదితర మండలాలను దివిసీమ అని వ్యవహరిస్తారు.

ఈ ప్రాంతంలో వరి సాగు, చేపలు రొయ్యల చెరువులు, సముద్రపు వేట ప్రధాన జీవనాధారాలు. పట్టాదారు పాసుపుస్తకం, చెరువు అనుమతి, పంట నష్ట పరిహారం, పింఛను, కుల ఆదాయ ధ్రువపత్రాలు వంటి పనుల కొరకు ప్రజలు తరచు తహసీల్దారు, వ్యవసాయ, మత్స్య శాఖల కార్యాలయాలతోను, జిల్లా కలెక్టరేటుతోను సంప్రదించవలసి ఉంటుంది. తీరానికి చేరువలోని గ్రామాల నుండి మచిలీపట్నం వెళ్ళి రావడమంటే ఒక రోజు పని పోతుంది. వృత్తిరీత్యా హైదరాబాదులోను, విదేశాలలోను స్థిరపడి, పొలం మాత్రం స్వగ్రామంలో ఉన్న కుటుంబాలు కూడా ఇక్కడ ఎక్కువ. ఇటువంటివారికి ఈ-మెయిలు సులభ మార్గం.

ప్రకృతి వైపరీత్యాలు కూడా ఈ అవసరాన్ని పెంచుతాయి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు ప్రవహించగా లంక గ్రామాలు, పంట పొలాలు ముంపునకు గురయ్యాయి. ఇటువంటి ప్రాంతంలో కాగితాలు తడిసి పాడయ్యే ప్రమాదం ఉన్నందున, స్కాన్ చేసిన నకళ్ళు దాచుకోవడం, అవసరమైనప్పుడు వాటిని పంపడం పలువురికి అలవాటైంది.

జోడింపు పనిచేసే విధానం

ఈ-మెయిలు మొదట అక్షరాలను మాత్రమే మోసుకుపోయే విధంగా రూపొందించబడింది. 1992లో వెలువడిన మైమ్ ప్రమాణం వలన ఛాయాచిత్రాలు, పత్రాలు, ధ్వని వంటివి కూడా పంపే వీలు కలిగింది. ఈ పద్ధతిలో ఫైలులోని ప్రతి మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మార్చి సందేశంలో చేర్చుతారు. అందుచేత జోడింపు పరిమాణం ప్రయాణంలో సుమారు మూడవ వంతు పెరుగుతుంది. ఉదాహరణకు 18 మెగాబైట్ల ఫైలు దాదాపు 24 మెగాబైట్లు అవుతుంది. జీమెయిల్‌లో పంపే సందేశానికి 25 మెగాబైట్ల పరిమితి ఉంది. అందుకునే కార్యాలయపు సర్వరు పరిమితి ఇంతకంటే తక్కువ ఉంటే సందేశం తిరిగి వస్తుంది.

జోడింపులు స్థూలంగా రెండు రకాలు. అచ్చు పుటవలె చూడటానికి మాత్రమే ఉద్దేశించినవి మొదటి రకం. జేపీజీ ఛాయాచిత్రాలు, సాధారణ పీడీఎఫ్‌లు ఈ కోవలోనివి. తెరవగానే కంప్యూటరుకు ఆజ్ఞలు ఇచ్చేవి రెండవ రకం. ఈఎక్స్ఈ, వీబీఎస్, జేఎస్, ఏపీకే ఫైళ్ళు, మ్యాక్రోలు గల వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు ఇందుకు ఉదాహరణలు. మొదటి రకం పూర్తిగా నిరపాయకరమని చెప్పలేము. పీడీఎఫ్‌లో మోసపు లంకెలు ఉండవచ్చు, పాతబడిన సాఫ్టువేరులోని లోపాలను వాడుకునే ఫైళ్ళు కూడా ఉంటాయి. అయినా రెండవ రకంతో పోల్చితే ప్రమాదం చాలా తక్కువ.

చరిత్ర

1999 మార్చిలో వ్యాపించిన మెలిస్సా వైరస్ వర్డ్ పత్రంలోని మ్యాక్రో రూపంలో వచ్చి, తెరిచిన వ్యక్తి చిరునామాల పుస్తకంలోని మొదటి 50 మందికి తనంతట తానే వెళ్ళింది. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుండి బయలుదేరిన ఐ లవ్ యూ వార్మ్ ప్రేమలేఖ పేరుతో వచ్చింది. దాని ఫైలు పేరులో టీఎక్స్‌టీ అనే పొడిగింపు తరువాత వీబీఎస్ అనే మరో పొడిగింపు ఉండేది. విండోస్ చివరి పొడిగింపును కనబడనీయదు గనుక చాలామంది దానిని మామూలు పాఠ్యమని భావించి తెరిచారు. రెండు పొడిగింపుల మోసం నేటికీ వాడుకలో ఉంది. 2022లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఇంటర్నెట్ నుండి వచ్చిన ఆఫీసు ఫైళ్ళలో మ్యాక్రోలు అప్రమేయంగా పనిచేయకుండా ఆపివేసింది.

కృష్ణా జిల్లాకు రాన్సమ్‌వేర్ సెగ 2017లో తగిలింది. ఆ సంవత్సరం మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై వలన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. కృష్ణా, గుంటూరు, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని పోలీసు యూనిట్లు ఇందులో ఉన్నాయి. రాన్సమ్‌వేర్ అనగా కంప్యూటరులోని ఫైళ్ళకు తాళం వేసి, తెరవడానికి సొమ్ము అడిగే ప్రోగ్రాము. వానాక్రై ప్రధానంగా జోడింపుల ద్వారా కాక, విండోస్‌లోని ఒక లోపం ద్వారా ఒక కంప్యూటరు నుండి మరొక దానికి పాకింది. ఆ లోపాన్ని సరిదిద్దే నవీకరణను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చిలోనే విడుదల చేసింది. దీనిని బట్టి రెండు విషయాలు తెలుస్తాయి. నవీకరించని కంప్యూటరుకు ఏ దారి నుండైనా ముప్పు రావచ్చు. ఒక్క కంప్యూటరులో ప్రవేశించిన వార్మ్ ఒకే నెట్‌వర్కులోని మిగిలినవాటికి క్షణాలలో చేరగలదు. 2019 ఏప్రిల్ చివరిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు కూడా రాన్సమ్‌వేర్ దాడికి గురయ్యాయి.

భారత ప్రభుత్వ ఉద్యోగులను లక్ష్యంగా చేసుకొని జోడింపులు పంపే ముఠాలు కూడా ఉన్నాయి. ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్ అని భద్రతా నిపుణులు పిలిచే ముఠా ప్రభుత్వ ఉత్తర్వులు, సమావేశపు ఆహ్వానాల రూపంలో హానికరమైన ఫైళ్ళను పంపుతుంది. విండోస్‌తో పాటు ప్రభుత్వ కార్యాలయాలలో వాడే లినక్స్ కంప్యూటర్లకు కూడా అది ఉచ్చులు పన్నింది. అందుచేత అపరిచితుల నుండి వచ్చే జోడింపులను ఉద్యోగులు అనుమానంతో చూడటం సహజం. నిజమైన అర్జీదారుడు ఈ సంగతి గ్రహించి తన సందేశాన్ని అనుమానానికి తావులేని విధంగా పంపవలసి ఉంటుంది.

పౌరునికి గల ప్రమాదం

కార్యాలయానికి పంపే కాగితాలలో పౌరుని జీవితమంతా ఉంటుంది. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, సర్వే నంబరు, సంతకం, కొన్ని దస్తావేజులలో వేలిముద్ర కూడా కనబడతాయి. వేలిముద్రల నకలు ఎంత ప్రమాదకరమో తెలిపే ఉదంతం 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో వెలుగులోకి వచ్చింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుండి దస్తావేజులు దించుకొని, వాటిలోని వేలిముద్రలతో రబ్బరు నకళ్ళు తయారుచేసి, వాటి సాయంతో పెద్ద సంఖ్యలో సిమ్ కార్డులు చేతనపరచిన కేసు అది. ఆధార్ ఆధారిత చెల్లింపులలో వేలిముద్రతోనే ఖాతా నుండి సొమ్ము తీయవచ్చు గనుక, దస్తావేజు నకలు పొరపాటు చిరునామాకు చేరితే నష్టం పొలానికే పరిమితం కాదు. అక్కరలేని పుటలు పంపకుండా ఉండటం ఇందుకు మొదటి రక్షణ. ఆధార్ సంస్థ వెబ్‌సైటులోను, యాప్‌లోను బయోమెట్రిక్‌లకు తాళం వేసుకునే సౌకర్యం ఉంది. దానిని వాడుకోవడం రెండవ రక్షణ.

పంపేవారు పాటించవలసిన జాగ్రత్తలు

చిరునామా నిర్ధారణ: ప్రభుత్వ ఈ-మెయిలు చిరునామాలు సాధారణంగా గవ్ డాట్ ఇన్ లేదా నిక్ డాట్ ఇన్ అని ముగుస్తాయి. ఈ రెండు డొమైన్లు ప్రైవేటు వ్యక్తులకు ఇవ్వబడవు. చిరునామా చివరి భాగాన్ని చూడటం ముఖ్యం. మధ్యలో గవ్ అని ఉండి చివర డాట్ కామ్ ఉంటే అది ప్రభుత్వ చిరునామా కాదు. కొన్ని చిన్న కార్యాలయాలు ఉచిత ఈ-మెయిలు సేవలను వాడుతుంటాయి. అటువంటప్పుడు ఆ చిరునామా జిల్లా అధికారిక వెబ్‌సైటులో గాని, కార్యాలయపు సూచనల బోర్డుపై గాని ఉన్నదో లేదో చూసుకోవాలి. వెతుకుడు యంత్రంలో దొరికిన చిరునామాను నేరుగా నమ్మరాదు.

ఫైలు రకం: అర్జీని, దాని అనుబంధాలను ఒకే పీడీఎఫ్‌గా కూర్చడం ఉత్తమం. వర్డ్ ఫైలు పంపడం వలన అందుకున్నవారికి అనుమానం కలగడమే కాక, అందులోని అక్షరాలను ఎవరైనా మార్చవచ్చు. జిప్, రార్ వంటి మూటలను అనేక వడపోతలు ఆపివేస్తాయి. ఫైలు పేరు క్లుప్తంగా, విషయం తెలిసేలా ఉండాలి. పేరులో ఒకటి కంటే ఎక్కువ చుక్కలు లేకుండా చూడాలి.

తెలుగు ఖతులు: నెట్ సెంటర్లు, డీటీపీ కేంద్రాలలో అను ఖతులతో తయారైన వర్డ్ ఫైలు ఆ ఖతి లేని కంప్యూటరులో అర్థం కాని గుర్తులుగా కనబడుతుంది. దానిని చూసిన ఉద్యోగి పాడైన ఫైలుగానో, వైరస్‌గానో భావించి తొలగించే అవకాశం ఉంది. యూనికోడ్‌లో రాసి, ఖతి లోపలే ఇమిడిన పీడీఎఫ్‌గా భద్రపరిస్తే ఈ చిక్కు ఉండదు. సిలికానాంధ్ర వెలువరించిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఖతులు ఉచితంగా లభిస్తాయి.

పరిమాణం: స్కాన్ చేసేటప్పుడు 150 నుండి 200 డీపీఐ స్పష్టత సాధారణ కాగితాలకు సరిపోతుంది. పుటలను నలుపు తెలుపులో స్కాన్ చేస్తే ఫైలు ఇంకా చిన్నదవుతుంది. పెద్ద ఫైళ్ళకు గూగుల్ డ్రైవ్ లంకె పంపితే, అపరిచిత లంకెలను తెరవకూడదన్న నియమం వలన దానిని ఎవరూ తెరవకపోవచ్చు.

ఆధార్ నకలు: ఆధార్ సంఖ్యలో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్‌ను సంస్థ వెబ్‌సైటు నుండి దించుకోవచ్చు. కార్యాలయం పూర్తి సంఖ్యను కోరనప్పుడు దీనినే పంపాలి. నకలుపై ఏ పని నిమిత్తం, ఏ తేదీన ఇచ్చినదీ అడ్డంగా రాయడం మంచిది.

సంకేతపదం: ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పేరులోని మొదటి నాలుగు ఆంగ్ల పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపి సంకేతపదంగా ఉంటుంది. పేరు, వయస్సు తెలిసిన ఎవరైనా దీనిని ఊహించగలరు కనుక ఇది గట్టి తాళం కాదు. అర్జీలోనే పేరు, పుట్టిన తేదీ రాసి ఈ ఫైలును జతపరిస్తే తాళంతో పాటు తాళపుచెవిని కూడా ఇచ్చినట్లే. వేరే సంకేతపదం పెట్టినప్పుడు దానిని అదే ఈ-మెయిలులో రాయరాదు, ఫోను ద్వారా తెలపాలి. తాళం వేసిన ఫైలు లోపలి విషయాన్ని వైరస్ పరీక్ష చూడలేదు గనుక కొన్ని సర్వర్లు అటువంటి ఫైళ్ళను నిలిపివేస్తాయి. కాబట్టి ముందుగా కార్యాలయాన్ని సంప్రదించిన తరువాతనే తాళం వేసిన ఫైలు పంపాలి.

ఛాయాచిత్రాలు: స్థానం నమోదు చేసే అమరిక ఉన్నట్లయితే, ఫోనుతో తీసిన చిత్రంలో తీసిన సమయంతో పాటు స్థలపు అక్షాంశ రేఖాంశాలు కూడా కంటికి కనబడకుండా నమోదవుతాయి. మునిగిన పొలం చిత్రానికి ఇవి సాక్ష్యంగా ఉపకరిస్తాయి. అదే చిత్రాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపుకొని, అక్కడి నుండి ఈ-మెయిలు చేస్తే ఈ వివరాలు తొలగిపోతాయి. కనుక పంట నష్టపు చిత్రాలను ఫోను నుండి నేరుగా జతపరచడం మంచిది. ఇంటి వద్ద తీసిన ఇతర చిత్రాలకు స్థల వివరాలు లేకుండా పంపడం మంచిది.

నెట్ సెంటర్లు: సొంత కంప్యూటరు లేనివారు స్కానింగుకు నెట్ సెంటరుకు వెళ్తారు. పని పూర్తయిన తరువాత స్కాన్ చేసిన ఫైళ్ళను డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల నుండి, ఆ తరువాత రీసైకిల్ బిన్ నుండి తొలగించమని కోరాలి. ఈ-మెయిలు ఖాతా నుండి నిష్క్రమించాలి. నకళ్ళను సెంటరు వారి వాట్సాప్‌కు పంపితే అవి వారి ఫోనులో ఉండిపోతాయి. పెన్ డ్రైవ్‌ల ద్వారా వైరస్‌లు వ్యాపించే అవకాశం ఉన్నందున ఇంటికి తెచ్చిన పెన్ డ్రైవ్‌ను తెరిచే ముందు పరీక్షించాలి.

అందుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

ప్రభుత్వ కార్యాలయం పేరుతో వచ్చే జోడింపులన్నీ నిజమైనవి కావు. పంపినవారి పేరు స్థానంలో ఏమి కావాలంటే అది రాయవచ్చు. అందుచేత పేరును కాక చిరునామాను చూడాలి. అర్జీ పెట్టని పనికి జవాబు రావడం, ఖాతా ఆగిపోతుందని తొందరపెట్టడం, ఓటీపీ అడగడం మోసానికి గుర్తులు. రవాణా శాఖ చలానా, పీఎం కిసాన్ వంటి పేర్లతో ఏపీకే ఫైళ్ళు ఫోన్లకు పంపి సొమ్ము కాజేసే మోసాలు కూడా జరిగాయి. ఏపీకే అనగా ఆండ్రాయిడ్ ఫోనులో స్థాపించే ప్రోగ్రాము. దానిని స్థాపించి సందేశాలు చదివే అనుమతి ఇస్తే బ్యాంకు ఓటీపీలు మోసగాడికి చేరతాయి. ఉత్తర్వు గాని, ధ్రువపత్రం గాని, చలానా గాని ఏపీకే రూపంలో ఉండదు.

చట్టపరమైన అంశాలు

2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ పత్రాలకు గుర్తింపు ఇచ్చింది. చట్టంలోని 6వ సెక్షను ప్రభుత్వ కార్యాలయాలలో ఎలక్ట్రానిక్ దరఖాస్తులకు వీలు కల్పిస్తుంది. అయితే 9వ సెక్షను ప్రకారం, పత్రాన్ని ఎలక్ట్రానిక్ రూపంలోనే స్వీకరించమని కార్యాలయాన్ని పట్టుబట్టే హక్కు పౌరునికి లేదు. అనగా ఈ-మెయిలు పంపినంత మాత్రాన అర్జీ దాఖలైనట్లు అన్ని సందర్భాలలోను భావించరాదు. గడువు ఉన్న అప్పీళ్ళ విషయంలో ఇది చాలా ముఖ్యం.

వైరస్‌ను మరొకరి కంప్యూటరులో ప్రవేశపెట్టడం 43వ సెక్షను పరిధిలోకి వస్తుంది. మోసపు ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షను క్రింద మూడు సంవత్సరాల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇతరుల గుర్తింపును దొంగిలించడం 66సి, కంప్యూటరు ద్వారా వేరొకరిగా నటించి మోసగించడం 66డి సెక్షన్ల క్రింద నేరాలు. వ్యక్తిగత సమాచార రక్షణ కొరకు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేయబడింది. దాని నియమావళి 2025 నవంబరులో నోటిఫై అయింది.

2005 నాటి సమాచార హక్కు చట్టం 6వ సెక్షను ప్రకారం సమాచారం కొరకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా, ఆ ప్రాంతపు అధికార భాషలో దరఖాస్తు చేయవచ్చు. నిర్ణీత రుసుము మాత్రం చెల్లించవలసి ఉంటుంది.

ప్రత్యామ్నాయ మార్గాలు

కొన్ని పనులకు ఈ-మెయిలు కంటే సురక్షితమైన మార్గాలు ఉన్నాయి. 2011లో ప్రారంభమైన మీసేవ కేంద్రాలు, 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా దరఖాస్తు చేస్తే రసీదు సంఖ్య లభిస్తుంది. ప్రజా సమస్యల పరిష్కార వేదిక ద్వారా కలెక్టరేటులో సోమవారం నాడు అర్జీ ఇవ్వవచ్చు, మీకోసం వెబ్‌సైటులో కూడా నమోదు చేయవచ్చు. 2025 జనవరి 30న ప్రారంభమైన మన మిత్ర ద్వారా వాట్సాప్‌లో పలు ప్రభుత్వ సేవలు అందుబాటులోకి వచ్చాయి. 2015లో ప్రారంభమైన డిజిలాకర్‌లోని పత్రాలను జారీ చేసిన సంస్థే అందులో ఉంచుతుంది గనుక వాటి వాస్తవికతను కార్యాలయం సరిచూసుకోవచ్చు. గడువు ఉన్న అర్జీలను ఈ-మెయిలుతో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపడం క్షేమం.

ఈ-మెయిలు చేరిందో లేదో తెలుసుకోవడానికి రసీదు కోరుతూ సందేశంలో ఒక వాక్యం రాయాలి. చట్టంలోని 12వ సెక్షను ప్రకారం రసీదు ఏ రూపంలో ఉండాలో ముందుగా నిర్ణయించుకోనప్పుడు, అందుకున్నవారు పంపే ఏ జవాబైనా రసీదుగా చెల్లుతుంది. రెండు మూడు పని దినాలలో జవాబు రాకపోతే కార్యాలయానికి ఫోను చేయాలి. అర్జీ సారాంశం, పేరు, గ్రామం, మండలం సందేశంలోనే రాసి ఉంటే, జోడింపు తెరుచుకోకపోయినా విషయం అధికారికి తెలుస్తుంది.

పొరపాటు జరిగినప్పుడు

అనుమానాస్పదమైన జోడింపు తెరిచినట్లయితే వెంటనే కంప్యూటరును ఇంటర్నెట్ నుండి వేరుచేయాలి. వేరొక పరికరం నుండి ఈ-మెయిలు, బ్యాంకు సంకేతపదాలు మార్చాలి. సొమ్ము పోయినట్లయితే 1930 నంబరుకు ఫోను చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. సొమ్ము చేతులు మారకముందే ఆపడానికి మొదటి గంటలు కీలకం. 2004లో ఏర్పడిన సెర్ట్-ఇన్ దేశంలో కంప్యూటరు భద్రతా సంఘటనలను పర్యవేక్షించే సంస్థ. దాని ఆధ్వర్యంలోని సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుండి కంప్యూటర్లను, ఫోన్లను శుభ్రపరచే ఉచిత ఉపకరణాలను అందిస్తోంది.

కాగితాలు పొరపాటు చిరునామాకు వెళ్ళినట్లయితే, అందుకున్నవారిని తొలగించమని కోరుతూ ఒక సందేశం పంపి, దాని నకలు భద్రపరచుకోవాలి. ఆధార్ బయోమెట్రిక్‌లకు తాళం వేయాలి. బ్యాంకు ఖాతా వివరాలు అందులో ఉంటే బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలపాలి. తన ఖాతా నుండి ఇతరులకు వైరస్ జోడింపులు వెళ్ళాయని తెలిసినప్పుడు, ఇటీవల సంప్రదించిన కార్యాలయాలకు ఆ సంగతి ఫోను ద్వారా తెలియజేయాలి. పరిచయమున్న అర్జీదారుని పేరుతో వచ్చిన ఫైలును ఉద్యోగి సందేహించకుండా తెరిచే ప్రమాదం ఎక్కువ గనుక ఇది అన్నిటికంటే ముందు చేయవలసిన పని.